బురదరంగు మార్కండేయులు

మంగళగిరి మగ్గాల వీధుల్లో నిలబడి మార్కండేయులూ అని కేకేస్తే ముగ్గురు పలుకుతారు. నాలుగోవాడు అన్నం తింటూ ఉంటాడు కనుక పలకడు. అందుకని ఊరు ఒక్కొక్కడికీ ఒక్కో గుర్తు తగిలించుకుంది. పొట్టి మార్కండేయులు, రేషన్‌షాపు మార్కండేయులు, సైకిలు మార్కండేయులు. సైకిలు మార్కండేయులు స్కూటరు కొని చాలాకాలమైంది గాని, పేరు మార్చడానికి ఊరికి తీరిక దొరకలేదు. మన కథలోవాడు బురదరంగు మార్కండేయులు.

ఈ గుర్తు అతనికి పుట్టుకతో రాలేదు. పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది దసరా అయిన మర్నాడు వచ్చింది. అంతకుముందు అతనికి ఏ గుర్తూ లేదు. గుర్తుపెట్టుకోవలసిన పని అతను ఏదీ చేయలేదు మరి.

అతని తండ్రి రత్తయ్య పేరున్న నేతగాడు. నేతలోకంటే అతకడంలో ఇంకా పేరున్నవాడు. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు తెచ్చి, పాతదాని కొసలకు కొత్తదాని కొసలను ఒక్కొక్క పోగే అతకాలి. వేల పోగులుంటాయి. రత్తయ్య బూడిద అద్దుకున్న రెండు వేళ్ల మధ్య రెండు కొసలు పెట్టి, ఒకసారి ముందుకు నలిపి, వెనక్కి తిప్పి వదిలేసేవాడు. ఆ అతుకు ఎక్కడుందో ఆ తర్వాత దేవుడు కూడా వెతుక్కోవలసిందే. పడుగు అతకాలంటే నాలుగు వీధుల అవతలి నుంచి కూడా మనుషులు వచ్చి ఆయన్ను పిలుచుకుపోయేవాళ్లు. వెళ్లిన ఇంట్లో ముందు కాఫీ ఇవ్వాలి, తర్వాత ఎవరూ మాట్లాడకూడదు. ఒక్క తెగిన పోగు వేలాడుతూ కనిపించినా ఆయనకు ముద్ద దిగేది కాదు. పెళ్లి పందిట్లో పక్కవాడి కండువా అంచున పోగు వేలాడుతుంటే తాళి కట్టే వేళకు దాన్ని ముడివేస్తూ కూర్చున్న మనిషి.

ఆ ఇంట్లో మగ్గాలు రెండు, కొడుకులు ముగ్గురు. మార్కండేయులు మూడోవాడు. అన్నలిద్దరికీ తండ్రి చెరో మగ్గమూ ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని అతకడం నేర్పాడు. మూడోవాడు కండెలు చుట్టాడు, మజ్జిగ తెచ్చాడు, చూస్తూ నిలబడ్డాడు. నాకూ నేర్పు నాన్నా అని అడిగినప్పుడల్లా రత్తయ్య చూద్దాంలే అనేవాడు. మగ్గం లేనివాడికి అతుకెందుకని ఆయన ఉద్దేశం. ఆ ఉద్దేశంలో తప్పేమీ లేదు. కానీ ఆ చూద్దాం అనే మాట వింటూ వింటూ మార్కండేయులికి మీసాలొచ్చాయి.

చివరికి అతను ఐటీఐలో కరెంటు పని చదివి, విజయవాడ ఆటోనగర్‌లో కోటి అనే ఆయన దగ్గర చేరాడు. కోటిది బందరు దగ్గర సముద్రం మీద వేటాడే కుటుంబం. పడవెక్కితే కడుపులో తిప్పే జబ్బు వల్ల ఆయన ఒడ్డునే ఉండిపోయి, మోటార్లు చుట్టడం నేర్చుకుని, లారీ బాడీలు కట్టే రెండు షెడ్ల మధ్య ఉన్న సందును అద్దెకు తీసుకుని యంత్రాలను నడిపే వైర్ల బీరువాలు, అదే కంట్రోల్ పానెళ్లు, కట్టేవాడు. రైసుమిల్లులకు, ఐసు ఫ్యాక్టరీలకు, చేపల మేత తయారుచేసే చోట్లకు. అటూ ఇటూ రోజంతా సుత్తులు మోగుతుండేవి గనుక కోటి చెప్పేది సగమే వినిపించేది. ఆ సగంతోనే మార్కండేయులు పని నేర్చుకున్నాడు.

తొంభైల నడిమికి పీఎల్‌సీలు వచ్చాయి. అంటే ఆలోచించే పెట్టె ఒకటి, దాని పక్కన పనులు పురమాయించే పెట్టె ఇంకొకటి. ఈ రెండోదాని పేరు డిజిటల్ అవుట్‌పుట్ మాడ్యూల్. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా, ముఖాన పదహారు చిన్న దీపాలు, వాటి కింద పదహారు స్క్రూలు. ఒక్కో స్క్రూ నుంచి ఒక్కో వైరు బయలుదేరి ఏ వాల్వుకో ఏ మోటారుకో పోతుంది. ఆలోచించే పెట్టె లోపల ఎన్ని లెక్కలు వేసుకున్నా, చివరికి ఈ మాడ్యూలు నోట చెప్పించేవి రెండే మాటలు. తెరువు, మూయి. కొంచెం తెరిచి చూడు, రేపు వచ్చి మూయి అనే బేరాలు దానికి తెలియవు. తెరవమని చెప్పినప్పుడు ఆ వైరు తాలూకు దీపం వెలుగుతుంది, మూయమన్నప్పుడు ఆరిపోతుంది.

మార్కండేయులికి ఈ పెట్టె మీద మొదటిరోజే మనసు పడింది. చూద్దాంలే అనడం చేతగాని వస్తువును అతను చూడడం అదే మొదలు. ఎవరడిగినా అడక్కపోయినా దాని గురించి చెప్పేవాడు. బస్సులో పక్కసీటు వాళ్లకు చెప్పాడు. పెళ్లయిన కొత్తలో భార్య నాగవేణికి చెప్పాడు. ఆమె నేతింటి పిల్ల, చీరాల నుంచి వచ్చింది. అంతా విని, దీపం వెలిగినా వాల్వు పాడై తెరుచుకోకపోతేనో అని అడిగింది. అప్పుడది వాల్వు తప్పు అన్నాడు మార్కండేయులు. పెట్టె మాత్రం అబద్ధం చెప్పదు అన్నాడు. ఆ మాట అతనికి ఊతపదమైపోయింది.

తొంభై తొమ్మిదిలో మంగళగిరిలోనే నూలుకు రంగులద్దే పానకాలరావు తన రంగుల షెడ్డుకు పానెల్ కావాలని కోటి దగ్గరికి వచ్చాడు. పానకాలరావు రత్తయ్యను బాబాయ్ అని పిలుస్తాడు. చుట్టరికం ఏమిటంటే ఎవరూ సరిగా చెప్పలేరు గాని, పిలుపు మాత్రం గట్టిదే. ఎరుపుకొక తొట్టి, పసుపుకొకటి, నీలానికొకటి. ఏ తొట్టి వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలో, వేడినీళ్లు ఎప్పుడు రావాలో, అన్నీ దీపాల పెట్టె చూసుకోవాలి. నీ ఊరు కదా, ఆసాంతం నువ్వే కట్టు అని కోటి ఆ పని మార్కండేయులికి అప్పజెప్పాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఇది దీపావళి దాకా మాట రాకుండా నడిస్తే, చూసి కట్టించుకుందామని కాచుకున్న తతిమ్మా రంగులవాళ్లు కూడా వస్తారు, అప్పుడు మంగళగిరిలోనే ఒక షెడ్డు తీసి నీ చేతిలో పెడతాను అన్నాడు.

మార్కండేయులికి షెడ్డు కావాలి. ఎందుకు కావాలంటే రోజూ బస్సులో నిలబడి వారధి దాటే పని తప్పుతుంది, నిజమే. కానీ అసలు సంగతి అది కాదు. సొంత ఊళ్లో, తండ్రి నడిచే వీధిలో, తన చేతిపని పదిమందికి కనబడాలి. రత్తయ్య అప్పటిదాకా కొడుకు పనిని పని అనలేదు. వైర్లు బిగిస్తాడంట అనేవాడు. స్క్రూ బిగించేవాడు అతికేవాడు కాడని ఆయన సిద్ధాంతం.

పానెల్ పూర్తయింది, బాగానే నడిచింది. మధ్యలో పానకాలరావుకి నలుపు కూడా ఉంటే బాగుండునని బుద్ధి పుట్టింది. నాలుగో తొట్టి కట్టించాడు. మార్కండేయులు దానికీ వాల్వు బిగించి, దాని వైరు పానెల్ దాకా లాగాడు. పండగ తర్వాత కలుపుదామని, కొసకు టేపు చుట్టి, పసుపు వైరు పక్కనే వేలాడేశాడు. ఆ పసుపు వైరు స్క్రూలోకి వెళ్లే చోట రాగి ఉండవలసినదానికంటే కాస్త ఎక్కువ బయటికి కనబడుతోంది. తర్వాత సరిచేద్దామనుకున్నాడు. పండగ ముందు పనులన్నీ అలాగే ఉంటాయి.

దసరాకు షెడ్డులో ఆయుధపూజ. కరెంటు మెయిన్ ఆపేసి, పంపులకూ తొట్లకూ బొట్లు పెట్టి, పానెల్ తలుపు బార్లా తీశారు. పెద్దవాడివి, కొడుకు కట్టింది, నువ్వే బొట్టు పెట్టు బాబాయ్ అని పానకాలరావు పళ్లెం రత్తయ్య చేతికిచ్చాడు. పసుపు, కుంకుమ, విభూతి ఉన్న పళ్లెం. రత్తయ్య పానెల్ ముందు చాలాసేపు నిలబడ్డాడు. మార్కండేయులు దూరం నుంచి చూసి, తండ్రి తన పనిని పరిశీలిస్తున్నాడనుకున్నాడు. ఆ పూట ఇంటికి వెళ్లాక రెండు గారెలు ఎక్కువ తిన్నాడు.

మంచిరోజని పానకాలరావు ఆ రోజే కొత్త తొట్టిలో నలుపు రంగు కలిపి నింపించాడు. పండగ పూట నలుపేమిటని ఎవరో అంటే, రంగులవాడికి అన్నీ అమ్మవారే అన్నాడు.

మర్నాడు పెళ్లిళ్ల చీరలకని పసుపు రంగు వెయ్యాలి. నూలు చిలపలను, రంగులన్నీ వచ్చిపడే పెద్ద తొట్టిలోకి దింపారు, పెట్టె మీద పసుపు దీపం వెలిగింది. కొంతసేపటికి పైకి తీస్తే, కాలవలో గేదెలు లేచి వెళ్లాక మిగిలే నీళ్లు ఏ రంగులో ఉంటాయో ఆ రంగులో నూలు పైకొచ్చింది. పానకాలరావు దాన్ని వెలుతురులోకి పట్టుకెళ్లి చూశాడు, నీడలోకి తెచ్చి చూశాడు. రెండుచోట్లా బురదే. పెళ్లికూతుళ్లకు కట్టబెట్టే రంగు కాదది. అప్పుడు అందరూ పానెల్ దగ్గరికొచ్చారు. పసుపు దీపం వెలుగుతోంది. నలుపుకని ఉంచిన దీపం చీకటిగా ఉంది. కానీ నలుపు తొట్టి కింద వాల్వు తెరుచుకుని రంగు ధారగా పోతోంది.

"ఏమయ్యా మార్కండేయులూ, పెట్టె అబద్ధం చెప్పదన్నావుగా. దీపం లేదు. మరి నలుపు ఎవరు తెరిచారంటావు?" అన్నాడు పానకాలరావు. చాలా మర్యాదగా అడిగాడు. బాగా కోపం వస్తే ఆయన అలాగే మాట్లాడతాడు.

కాచుకుని ఉన్న రంగులవాళ్లలో ఇద్దరు అక్కడే ఉన్నారు. రత్తయ్య కూడా ఉన్నాడు, బల్ల మీద కూర్చుని ఏం జరిగిందిరా అని వచ్చేపోయేవాళ్లను అడుగుతున్నాడు. మార్కండేయులు మెయిన్ ఆపి, పానెల్‌లోకి తల దూర్చి, వైర్ల గుత్తిని పక్కకు తప్పించాడు. పసుపు స్క్రూ దగ్గర కనబడుతున్న రాగికి, నలుపు వైరు కొస అతికి ఉంది. టేపు ఊడదీసి, రాగిపోగులు విడదీసి, ఆ పోగుల్లోకి ఈ పోగులు కలిపి, ముందుకు నలిపి వెనక్కి తిప్పిన అతుకు. లాగినా రాలేదు. అలాంటి అతుకు ఆటోనగర్ మొత్తంలో ఎవరూ వేయలేరు. దానికి బూడిద అంటుకుని ఉంది.

మార్కండేయులికి జరిగింది మొత్తం ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. తండ్రి కళ్లకు శుక్లాలు వచ్చి అప్పటికి రెండేళ్లయింది. మగ్గం మీద నెయ్యడం మానేశాడు. వేళ్లతోనే చూస్తున్నాడు. బొట్టు పెట్టడానికి తడుముతుంటే ఆ వేళ్లకు వేలాడే కొస ఒకటి తగిలింది. తెగిన పోగు. దాన్ని అలా వదిలేసి ఇంటికెళితే ఆయన రత్తయ్య కాడు. పక్కన తగిలిన పోగుకు, పళ్లెంలోని విభూతి అద్దుకుని, అతికేశాడు. కొడుకు మరిచిపోయిన పనిని పూర్తిచేశాననుకుని సంతోషపడి కూడా ఉంటాడు. కరెంటు ఆపి ఉండబట్టి మనిషి మిగిలాడు.

పెట్టె అబద్ధం చెప్పలేదు. అది తెరవమన్నది పసుపునే. అతుక్కుని ఉన్నందున నలుపు కూడా దాని వెంట తెరుచుకుంది. ఈ మాట చెప్పేస్తే మార్కండేయులు బయటపడతాడు, షెడ్డూ వస్తుంది. కానీ రత్తయ్యకు ఆ వయసులో మిగిలింది ఒక్కటే, పడుగు అతకడానికి వచ్చే పిలుపు. కళ్లు లేకపోయినా వేళ్లున్నాయని ఊరు ఆయన్ను ఇంకా పిలుస్తోంది. నలుపును పసుపుకు అతికిన వేళ్లని తెలిస్తే రేపు ఎవరు పిలుస్తారు? తర్వాత అరుగు మీద కూర్చుని వచ్చేపోయే బస్సుల హారన్లు వినడమే.

మార్కండేయులు కటింగ్‌ప్లేయరుతో ఆ అతుకును అటూ ఇటూ కత్తిరించి గుప్పిట్లో పెట్టుకుని, తల బయటికి తీశాడు.

"పెట్టెది తప్పు కాదండీ. నేనే. తొందరలో రెండు వైర్లూ కలిపేశాను" అన్నాడు.

బల్ల మీంచి రత్తయ్య, "చూసుకుని కలపొద్దట్రా?" అన్నాడు.

పెట్టె అబద్ధం చెప్పదన్న మాట అలా నిలబడింది. అబద్ధం చెప్పినవాడు మార్కండేయులు. కాచుకున్న రంగులవాళ్లు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయారు. సాయంత్రానికి ఊళ్లో అతనికి గుర్తు దొరికింది. పాడైన నూలును పానకాలరావు వృథా చేయలేదు, గోనెలు కట్టే తాళ్లకు వాడుకున్నాడు. వీధిలో ఎక్కడ ఆ రంగు తాడు కనబడినా జనం మార్కండేయుల్ని తలుచుకునేవాళ్లు.

కోటి వచ్చి పానెల్ అంతా చూశాడు. మాడ్యూలు ఊడదీసి, పదహారు దీపాలూ వెలిగించి ఆర్పి, మళ్లీ బిగించాడు. తిరిగి వెళ్లేటప్పుడు బస్టాండు దగ్గర టీ తాగుతూ, నువ్వు కలిపితే ఇట్టా కలపవు, ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను అన్నాడు. మార్కండేయులు టీ చల్లార్చుకున్నాడు. చెప్పకపోతే మానెయ్, కానీ వలకు పట్టిన వాసనయితే ఉతికితే పోతుంది, మనిషికి పట్టిన పేరు నేను ఉతకలేను అన్నాడు కోటి. మంగళగిరి షెడ్డు మాట మళ్లీ ఎత్తలేదు. ఆ తర్వాత రెండేళ్లు మార్కండేయులు కట్టిన ప్రతి పానెల్‌నూ ఇంకొకడు తనిఖీ చేసేవాడు. ఆ ఇంకొకడికి పని నేర్పింది మార్కండేయులే.

ఇంట్లో సంగతి వేరుగా నడిచింది. రత్తయ్యకు కొడుకు చేసిన పనికి తలకొట్టేసినట్టయింది. రత్తయ్య కొడుకు తప్పు అతుకు వేశాడంట అని ఊరంతా అంటుంటే ఆయనకు అన్నం సహించలేదు. పానకాలరావు షెడ్డు ఛాయలకు మళ్లీ వెళ్లనని ఒట్టు పెట్టుకున్నాడు. నాలుగోరోజు సాయంత్రం మార్కండేయులు బస్సు దిగి వచ్చేసరికి, నడవలో చాప వేసి, గిన్నెలో బూడిద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఎదురుగా కూర్చో. కొసలు పట్టుకోవడం కూడా రాదు నీకు" అన్నాడు.

చూద్దాంలే అనకుండా తండ్రి తనకొక మాట చెప్పడం మార్కండేయులికి తెలిసి అదే మొదటిసారి. చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రాలన్నీ అదే పని. బూడిద ఎంత అద్దాలి, బొటనవేలు ఎక్కడ ఆగాలి, ఎంత తిప్పాక వదలాలి. తప్పు చేస్తే రత్తయ్య వేళ్ల మీద చురుక్కుమనేటట్టు కొట్టేవాడు. కొట్టినప్పుడల్లా, వైర్లు కూడా ఇట్టా కలిపితే ఆ పెట్టె నీ పరువు తీసేదా అని గుర్తుచేసేవాడు. మార్కండేయులు అవున్నాన్నా అనేవాడు.

నాగవేణికి ఆ అతుకు ఒకనాడు పనిముట్ల సంచి దులుపుతుంటే దొరికింది. చిన్న మందుబిళ్లల డబ్బాలో, బెత్తెడు వైరు ముక్క. ఆమె నేతింటి పిల్ల గనుక బూడిద చూడగానే ఆరా తియ్యవలసిన పని లేకపోయింది. డబ్బా పట్టుకొచ్చి భర్త ముందు పెట్టింది.

"మామయ్యగారు రోజూ తిట్టే తిట్లన్నీ ఎవరికి చెందాలండీ? మీరెందుకు తింటున్నారు?"

"తినే తిండి కూడా ఆయన పెట్టిందేగా. అక్కడ పెట్టెయ్" అన్నాడు మార్కండేయులు.

ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. కోపం కూడా వచ్చింది, ఆ రాత్రి కూరలో ఉప్పు వేయలేదు. ఎవరూ అడగలేదు. తండ్రీకొడుకులు ఇద్దరూ అతుకుల గురించే మాట్లాడుకుంటూ తినేశారు.

రాను రాను రత్తయ్యకు ఆ మిణుకు చూపు కూడా పోయింది. ఆదివారాలు పడుగు అతకడానికి పిలుపొస్తే కొడుకును వెంటబెట్టుకు వెళ్లడం మొదలుపెట్టాడు. ఊరికే చెయ్యి పట్టుకుని తీసుకుపోవడానికి అనేవాడు. వెళ్లాక, ఆ చివర నువ్వు మొదలుపెట్టు అనేవాడు. ఒక చివర నుంచి తండ్రి, ఇంకో చివర నుంచి కొడుకు అతుక్కుంటూ వచ్చి మధ్యలో కలిసేవాళ్లు. మొదట్లో తండ్రి వాటా ఎక్కువుండేది, తర్వాత సగం సగం అయింది. ఎక్కడ కలిశారో ఇంటివాళ్లకు తెలిసేది కాదు. రత్తయ్యకు మాత్రం తెలుసు. మధ్యకు రాగానే ఆయన కొడుకు వేసిన చివరి అతుకును వేళ్లతో తడిమి, ఏమీ అనకుండా లేచేవాడు. మార్కండేయులికి ఆ ఏమీ అనకపోవడమే కాస్త బాధ. మిగతావన్నీ అలవాటైపోయాయి. కోటి కూడా తనిఖీ మాన్పించి మళ్లీ పెద్ద పనులు ఇవ్వసాగాడు, కాకపోతే అన్నీ దూరాన, మైలవరం అవతలో కైకలూరు అవతలో. మంగళగిరిలో మాత్రం ఎవరూ పిలవలేదు.

రెండువేల ఆరులో నాగవేణి మామగారిని బతిమాలో బెదిరించో గుంటూరు తీసుకువెళ్లి శుక్లాలు తీయించింది. ఏళ్ల తరబడి వద్దన్న మనిషి కట్టు విప్పగానే ఇల్లంతా ఒకసారి కలయజూసి, సున్నం వేయించి ఎన్నాళ్లయిందని అడిగాడు. కోడలు చిక్కిపోయిందన్నాడు. కొడుకును చూసి, నీకు జుట్టుండాలిగా అన్నాడు. ఆ తర్వాత అన్నీ చూడాలన్న యావ పట్టుకుంది. దసరాకు పానకాలరావు ఎప్పటిలాగే మాటవరసకు పిలిస్తే, ఈసారి వస్తున్నానని చెప్పి అందరినీ ఆశ్చర్యపరిచాడు.

షెడ్డు అలాగే ఉంది. మెయిన్ ఆపేశారు, పానెల్ తలుపు తీశారు, పళ్లెం రత్తయ్య చేతికిచ్చారు. పక్కన మార్కండేయులు నిలబడ్డాడు. రత్తయ్య ముందు దీపాల పెట్టెకు బొట్టు పెట్టాడు. తర్వాత కిందికి చూశాడు. పసుపు వైరు పక్కన, టేపు చుట్టిన కొస ఒకటి వేలాడుతోంది. ఆ రోజు తర్వాత నలుపును పెట్టెకు అప్పగించడానికి పానకాలరావుకి ధైర్యం చాలక చేత్తోనే పోయిస్తున్నాడు, అందుకని ఆ వైరు ఎవరికీ పనికిరాక అక్కడే ఉండిపోయింది.

రత్తయ్య కుడిచేతి వేళ్లు వాటంతట అవే దానివైపు వెళ్లాయి. సగం దూరం వెళ్లి ఆగాయి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, వీపు వెనక పెట్టుకున్నాడు.

"ఇది అప్పుడు కూడా ఇక్కడే ఉందా?"

"ఇక్కడే నాన్నా."

"టేపు చుట్టే ఉందా?"

మార్కండేయులు పళ్లెం అందుకోబోయాడు. రత్తయ్య కొంతసేపు ఆ కొసనే చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"అతుక్కి బూడిద ఉందిరా?"

"లేదు నాన్నా."

"ఉంటది. బూడిద లేకుండా నేనెప్పుడూ అతకలేదు."

పళ్లెం కింద పెట్టి చెయ్యి చాపాడు. ఇక దాచి ప్రయోజనం లేదు. మార్కండేయులు పూజకు తెచ్చిన పనిముట్ల సంచిలోంచి బిళ్లల డబ్బా తీసి ఇచ్చాడు. రత్తయ్య ఆ వైరు ముక్కను కొత్త కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు, వేళ్ల మధ్య దొర్లించాడు, లాగి చూశాడు. ఏడేళ్లుగా తను ఎవరిని తిడుతున్నాడో ఆయనకు అర్థమైంది. ముఖం ముడుచుకుపోయింది. తిన్నగా పానకాలరావు దగ్గరికి నడిచాడు. అక్కడ గుగ్గిళ్లు తింటూ నేతవాళ్లు, రంగులవాళ్లు పదిపన్నెండు మంది ఉన్నారు.

"ఆనాడు నీ నూలు పాడుచేసింది వీడు కాదురా. నేను. ఇదిగో నా అతుకు" అని వైరు ముక్క పానకాలరావు చేతిలో పెట్టాడు.

పానకాలరావు చూసి పక్కవాడికిచ్చాడు. పక్కవాడు ఇంకొకడికిచ్చాడు. అందరూ అతుకు చూడడం వచ్చినవాళ్లే, అందరూ వేళ్లతో దొర్లించి చూశారు. చివరికి ముక్క మళ్లీ పానకాలరావు దగ్గరికి వచ్చింది.

"ఊరుకో బాబాయ్. కొడుకు మీద మచ్చ నీ నెత్తినేసుకుందామని చూస్తున్నావు. కన్నవాడివి, అట్టాగే అంటావు. మొన్న మా ఇంటి మగ్గం మీద పడుగు మీరిద్దరేగా అతికింది. ఏది నీదో ఏది వాడిదో చెప్పమంటే మా ఆవిడ చెప్పలేకపోయింది. ఇది వాడిది కాదంటే ఎవరు నమ్ముతారు?"

మిగతావాళ్లు తలలూపారు. రత్తయ్యకు రోషం వచ్చింది. తప్పు ఒప్పుకుంటే కూడా నమ్మని ఊరు ఎక్కడైనా ఉంటుందా?

"వీడికప్పటికి అతకడం రాదురా" అన్నాడు.

"రత్తయ్య కొడుక్కి అతకడం రాదా? ఎవరికన్నా చెప్పు" అన్నాడొకడు. నవ్వారు.

"రాదు. నేను నేర్పలేదు" అన్నాడు రత్తయ్య. "ఇద్దరికి నేర్పి వీడికి నేర్పలేదు."

ఆ మాట మాత్రం అందరికీ వినపడింది. కాసేపు ఎవరూ గుగ్గిళ్లు నమల్లేదు. కానీ నమ్మడం వేరు, ఊరుకోవడం వేరు. పెద్దాయన మనసు కష్టపెట్టడమెందుకని పానకాలరావు, సరేలే బాబాయ్ నువ్వే వేశావు అని, ఆయన దోసిట్లో గుగ్గిళ్లు పోశాడు. బురదరంగు పేరు అలాగే ఉండిపోయింది, ఇప్పటికీ ఉంది.

ఇంటికి వస్తున్నప్పుడు రత్తయ్య కొడుకు చెయ్యి పట్టుకోలేదు, ఇప్పుడు కళ్లున్నాయి గనుక. వీధి మలుపు తిరిగాక రత్తయ్య, పానకాలరావు దగ్గర తిరిగి తీసుకున్న వైరు ముక్కను డబ్బాలో పెట్టి, డబ్బా తన జేబులో వేసుకున్నాడు.

"ఆదివారం పై వీధిలో పడుగు ఉంది. నువ్వెళ్లిరా. నేను రాను."

"ఒక్కణ్ణేనా నాన్నా?"

"ఇద్దరెందుకు? ఇద్దరి అతుకూ ఒకటేనంటగా" అన్నాడు రత్తయ్య.